షెనాండోవా నదిలో వారం రోజులు: స్మాల్‌మౌత్ బాస్ డైరీ

బయల్దేరే ముందు

వర్జీనియాలో మేముండే ఆష్‌బర్న్‌కి షెనాండోవా నది గంటన్నర దూరం. ఆరేళ్ళుగా ఇక్కడే ఉంటున్నా, కొండల మీద సాగే స్కైలైన్ డ్రైవ్ రోడ్డు మీద కారు ఆపి కింద లోయలో మెలికలు తిరిగే నదిని చూడడమే తప్ప దాని నీళ్ళలో కాలు పెట్టింది లేదు. ఈ జులైలో లూరే ఊరి దగ్గర, ఆ నది పాయ సౌత్ ఫోర్క్ ఒడ్డునే ఒక క్యాబిన్ వారానికి తీసుకున్నాం. నేను, మా ఆవిడ, పదకొండేళ్ళ అమ్మాయి, ఆరేళ్ళ బాబు, కోనసీమ నుంచి మమ్మల్ని చూడ్డానికి వచ్చిన మా మావయ్య గారు.

చెరువుల్లో లార్జ్‌మౌత్ బాస్ అనే చేపల్ని పట్టడం నాకు రెండేళ్ళుగా అలవాటు. నది అలవాటు లేదు. లార్జ్‌మౌత్ నాచులోనో, పడిపోయిన చెట్టు నీడలోనో కాపు కాస్తుంది. దాని దగ్గరి చుట్టం, నది చేప స్మాల్‌మౌత్‌కి రాయి కావాలి, కదిలే నీళ్ళు కావాలి. రెండింటినీ గుర్తుపట్టడానికి నోరు చూస్తే చాలు. మూసిన నోటి పై దవడ కంటిని దాటి వెనక్కి పోతే లార్జ్‌మౌత్, కంటి దగ్గరే ఆగితే స్మాల్‌మౌత్. దీని ఒంటి రంగు చింతపండు పెట్టి తోమని ఇత్తడి బిందెలా ఉంటుంది. దాని మీద నిలువు చారలు.

వారానికి నేను పెట్టుకున్న లెక్క ఇది. నదిలో స్మాల్‌మౌత్ ఎక్కడుంటుందో నేను నేర్చుకోవాలి. అమ్మాయి తన చేత్తో ఒకటి పట్టాలి. వీలైతే 14 అంగుళాలు దాటింది ఒకటి రావాలి.

సామాను: ఆరున్నర అడుగుల మీడియం లైట్ స్పిన్నింగ్ రాడ్, లైను చుట్టే 2500 సైజు రీలు, 8 పౌండ్ల లాగుడు తట్టుకునే లైను. అమ్మాయికి ఆరడుగుల రాడ్. ఎరలకి స్పిన్నర్లు, ట్యూబులు, నెడ్ రిగ్ సామాను, రెండు పాపర్లు; ఒక థర్మామీటరు, నీళ్ళలో నడవడానికి పాత బూట్లు, పిల్లలకి లైఫ్ జాకెట్లు. పదహారేళ్ళలోపు వాళ్ళకి వర్జీనియాలో లైసెన్స్ అక్కర్లేదు. నాకూ మావయ్య గారికీ ఆన్‌లైన్‌లో తీసుకున్నాను.

శనివారం

సాయంత్రం నాలుగింటికి చేరాం. సామాను దించకముందే మావయ్య గారు ఒడ్డుకి నడిచారు. కాసేపు ఎండనీ నీళ్ళనీ మార్చి మార్చి చూసి, "అల్లుడుగారూ, ఈ ఏరు ఉత్తరం వైపు పారుతోందేంటండీ?" అన్నారు. నేనెప్పుడూ గమనించలేదు. నిజమే. పోర్ట్ రిపబ్లిక్ దగ్గర పుట్టే సౌత్ ఫోర్క్, మసనట్టెన్ కొండని ఆనుకుని ఈశాన్యంగా పారి, ఫ్రంట్ రాయల్ దగ్గర నార్త్ ఫోర్క్‌తో కలుస్తుంది. ఆ కలిసిన నది హార్పర్స్ ఫెర్రీ దగ్గర పొటోమాక్‌లో పడుతుంది. గోదావరి ఒడ్డున పుట్టిన మనిషికి నీళ్ళు తూర్పుకి పోకపోతే కంటికి ఏదో తేడాగానే ఉంటుంది మరి.

ఆరింటికి దిగాను. నీళ్ళు మోకాలి లోతు, 81 డిగ్రీల ఫారెన్‌హీట్. స్పిన్నర్ వేశాను. దాని రేకు గిర్రున తిరుగుతూ వస్తుంటే ఆ మెలిక అంతా లైనుకి ఎక్కుతుంది. మధ్యలో స్వివెల్ (మెలిక పడకుండా తిరిగే చిన్న కీలు) కట్టాలని తెలిసి కూడా తొందరలో కట్టలేదు. ఇరవై నిమిషాల్లో రీలు మీద లైను ఉండచుట్టుకుపోయింది. పది గజాలు కోసి పారేయాల్సి వచ్చింది, అంటే కోసి జేబులో పెట్టుకున్నాను. లైను ముక్క ఒడ్డున వదిలేస్తే పిట్టల కాళ్ళకి చుట్టుకుంటుంది.

స్మాల్‌మౌత్ సున్నా.

ఆదివారం

పొద్దున్న ఆరు నుంచి తొమ్మిది వరకూ. ట్యూబులు, అంటే మెత్తటి ప్లాస్టిక్ ఎరలు, పావు ఔన్సు జిగ్ హెడ్‌తో (బరువైన తల ఉన్న గాలం) వేశాను. ఈ నది అడుగున సున్నపురాయి మెట్లు మెట్లుగా ఉంటుంది. ఏటికి అడ్డంగా, ఒకదాని తర్వాత ఒకటి. వాటి మధ్య నెర్రెల్లో బరువైన జిగ్ పడితే ఇక రాదు. ఏడు పోయాయి. చేపలు మూడు, అన్నీ ఏడెనిమిది అంగుళాలవే. కానీ ఆ చిన్నదాని లాగుడుకే చెయ్యి జివ్వుమంది. చెరువు చేప బరువుగా లాగుతుంది. ఇది విదిలించుకుంటుంది, గాల్లోకి లేస్తుంది, లేచి తల అడ్డంగా ఊపుతుంది.

ఇంకోవైపు తాతయ్యా మనవలూ ఒడ్డున కూర్చుని పని మొదలుపెట్టారు. క్యాబిన్ వెనక తడి నేల తవ్వి వానపాములు తీశారు. రీలు లేని పదడుగుల కర్ర, దానికి లైను, ఒక బెండు, చిన్న గాలం. గంటలో తొమ్మిది రెడ్‌బ్రెస్ట్ సన్‌ఫిష్ పట్టారు. అరచేతంత చేప, పొట్ట నారింజ రంగు. బెండు మునిగిన ప్రతిసారీ మా బాబు కేక అవతలి ఒడ్డుకి వినపడింది.

నేను వచ్చేసరికి తొమ్మిదీ బకెట్లో ఉన్నాయి. మావయ్య గారు వేపుడికి ఉప్పూ కారం అడుగుతున్నారు. ఈ సంగతి ముందే చెప్పాల్సింది. చెప్పకపోవడం నా తప్పు.

ఈ నదికి పైన, దీనిలోకి వచ్చే సౌత్ రివర్ ఒడ్డున వేన్స్‌బరో అనే ఊరుంది. అక్కడ ఒక కృత్రిమ దారాల ఫ్యాక్టరీలో 1929 నుంచి 1950 వరకూ పాదరసం వాడారు. అది నదిలోకి చేరింది. 1970ల్లో గానీ బయటపడలేదు. ఒడ్డు మట్టిలో ఇంకిపోయిన పాదరసం వరద వచ్చినప్పుడల్లా ఇంకా నీళ్ళలోకి దిగుతూనే ఉంది. పురుగులోంచి చిన్న చేపకి, చిన్న చేపలోంచి పెద్ద చేపకి ఎక్కుతుంది. ఈ సౌత్ ఫోర్క్ చేపల్ని ఎంత తినొచ్చో రాష్ట్ర ఆరోగ్య శాఖ హద్దు పెట్టింది. చిన్నపిల్లలూ గర్భిణులూ అసలు తినకూడదు. మా ఇంట్లో ఆరేళ్ళవాడున్నాడు.

మావయ్య గారు అంతా విన్నారు. "వాడడం మానేసి డెబ్బై ఏళ్ళు దాటినా పోలేదాండీ?"

"పోలేదండీ."

"తిననప్పుడు పట్టడం దేనికండీ మరి?"

నా దగ్గర సమాధానం ఉంది, కానీ ఆ క్షణంలో బకెట్ ముందు నిలబడి చెప్పగలిగేది కాదు. ఆయనే బకెట్ ఎత్తి నీళ్ళలో వంచారు. ఎనిమిది వెళ్ళిపోయాయి. ఒకటి వెల్లకిలా తేలింది. ఎండలో బకెట్ నీళ్ళు వేడెక్కి ఊపిరాడలేదు దానికి. ఆయన దాన్ని చాలాసేపు చూశారు. మధ్యాహ్నం ఐస్‌బాక్సులో తెచ్చుకున్న శీలావతి ముక్కలతో పులుసు ఆయనే పెట్టారు. ఎక్కువ మాట్లాడలేదు.

ఆ సాయంత్రం నుంచి మాకు మేము పెట్టుకున్న పద్ధతి: గాలం ముల్లుకుండే చిన్న కొండిని ప్లయర్‌తో నొక్కేయడం, చేపని బకెట్లో వేయకపోవడం, కొలతా ఫోటో పది సెకన్లలో ముగించడం, నీళ్ళు 80 డిగ్రీలు దాటే ఎండవేళ పూర్తిగా ఆపేయడం. వేడి నీళ్ళలో ప్రాణవాయువు తక్కువ. అలసిన చేప కోలుకోదు.

సోమవారం

రాత్రి పెద్ద వాన. పొద్దున్నకి నది టీ రంగులో, దుంగలు మోసుకుంటూ పోతోంది. లూరే గుహలకి వెళ్ళాం. 1878లో బయటపడ్డ గుహలు. పిల్లలకి బాగా నచ్చాయి.

అక్కడి నుంచి వస్తూ కారులో అమ్మాయికి చెప్పాను, స్మాల్‌మౌత్ ఈ నది చేప కాదని. నమ్మలేదు. 1854లో ఒహాయో నది వైపు నుంచి కొన్ని చేపల్ని బాల్టిమోర్ అండ్ ఒహాయో రైలింజన్ నీళ్ళ తొట్టిలో వేసుకుని, కొండలు దాటించి, కంబర్లాండ్ దగ్గర పొటోమాక్ నీళ్ళలో వదిలారు. వాటి సంతానమే పొటోమాక్ అంతటా పాకింది. "అంటే అవి కూడా వేరే చోటు నుంచి వచ్చి ఇక్కడ సెటిల్ అయ్యాయా?" అంది. అవునన్నాను.

మంగళవారం

నీళ్ళు తగ్గుతున్నాయి కానీ దిగడానికి లేదు. ఫోన్లో లూరే దగ్గరి నీటిమట్టం కొలిచే గేజ్ గీత గంట గంటకీ కిందకి దిగుతోంది. నా అభిప్రాయం ఇక్కడ గట్టిగానే చెబుతాను. నీళ్ళ అడుగు కనపడనంత కాలం కుటుంబంతో వచ్చినవాళ్ళు నదిలో దిగకూడదు. రాతి మెట్టు ఎక్కడ అయిపోతుందో తెలియదు, కాలు జారితే లేపడానికి పక్కన పిల్లలే ఉంటారు.

వరండాలో కూర్చుని అమ్మాయికి పాలొమార్ ముడి నేర్పించాను. లైను మడత పెట్టి గాలం కంట్లోంచి దూర్చాలి. ఆ మడతతో వదులుగా మామూలు ముడి వేయాలి. ఇప్పుడు గాలం మొత్తాన్ని ఆ మడతలోంచి దాటించి, నోట్లో పెట్టి తడి చేసి, నెమ్మదిగా బిగించాలి. పొడిగా బిగిస్తే రాపిడికి లైను కాలి, చేప పడ్డప్పుడు సరిగ్గా అక్కడే తెగుతుంది. పదిహేనుసార్లు కట్టించాను. ఆఖరి నాలుగూ నేను లాగినా జారలేదు.

మావయ్య గారు ఒడ్డు వెంబడి నడుస్తున్నారు. రెండు గంటలు కనపడలేదు. నాకు టెన్షన్ వచ్చి వెతుక్కుంటూ వెళ్తే, పైన పిల్లకాలువ కలిసే చోట పాదాలు తడిసేంత నీళ్ళలో వంగి రాళ్ళు తిరగేస్తున్నారు.

బుధవారం

ఈ వారంలో నేను ఏదైనా నేర్చుకున్నానంటే ఈ రోజే.

నీళ్ళు తేటపడ్డాయి. ఇంకా కొంచెం ఆకుపచ్చ జీర ఉంది, నడుము లోతు వరకూ అడుగు కనపడుతోంది. 75 డిగ్రీలు. దిగగానే వేసేద్దామనిపించింది, కానీ మొదటి రెండ్రోజుల లెక్క గుర్తుచేసుకుని రాడ్ ఒడ్డున పెట్టి అరగంట నది వైపు చూస్తూ కూర్చున్నాను.

క్యాబిన్ ముందు నుంచి మెట్లు లెక్కపెడితే ఆరున్నాయి. నీళ్ళు మెట్టు మీంచి పల్చగా దొర్లుతాయి. కానీ ప్రతి మెట్టుకీ ఒకటో రెండో చోట్ల విరుగు ఉంది. నదిలో సగం నీళ్ళు ఆ సందులోంచే వడిగా దూకుతున్నాయి. సందు దాటాక ఆ వడి నాలుకలా ముందుకి సాగుతుంది. దానికి రెండు పక్కలా మెట్టు చాటున నీళ్ళు దాదాపు నిలబడి ఉంటాయి, ఒక్కోచోట వెనక్కి కూడా తిరుగుతాయి. వడి నీళ్ళకీ నిలకడ నీళ్ళకీ మధ్య ఒక గీత ఉంది. చూడగా చూడగా కనపడుతుంది. నురుగు బుడగలన్నీ ఆ గీత వెంటే పోతాయి. బుడగలు పోయే దారిలోనే పురుగులూ చిన్న చేపలూ కూడా పోతాయి. చేప నిలకడ నీళ్ళలో ఒళ్ళు అలవకుండా నిలబడి, ముక్కు వడి వైపు పెట్టి, కొట్టుకొచ్చేదాన్ని అందుకుంటుంది.

ఆదివారం నేను ఒడ్డు నుంచి ఏటికి అడ్డంగా విసిరాను. జిగ్ ప్రతి నెర్రెనీ దాటుకుంటూ, ఏ పురుగూ పోని దారిలో వచ్చింది. ఈసారి మెట్టుకి దిగువన నిలబడి, ఎగువకి, సందు పైకి విసిరాను. నెడ్ రిగ్, ఔన్సులో పదో వంతు బరువు. దాని తల పుట్టగొడుగులా ఉంటుంది, వెనక రెండున్నర అంగుళాల పైచిలుకు ప్లాస్టిక్ ముక్క. ఆ ప్లాస్టిక్‌కి తేలే గుణం ఉంది కాబట్టి తల అడుగున ఆనినా తోక పైకి లేచి నిలబడుతుంది, జడిసిన క్రేఫిష్ డెక్కలు ఎత్తినట్టు. స్మాల్‌మౌత్‌కి అన్నిటికన్నా ఇష్టమైన తిండి ఈ క్రేఫిష్, రొయ్యకీ పీతకీ మధ్యలో ఉండే జీవి.

నేను లాగలేదు. నీళ్ళే దాన్ని సందులోంచి దొర్లించుకొచ్చాయి. లైను వదులు కాకుండా రీలు మాత్రం తిప్పుతూ వచ్చాను. మూడో మెట్టు ఎడమ సందులో రెండోసారి వేసినప్పుడు లైను కిందకి రావడం ఆగి అంగుళం పక్కకి జరిగింది. చేతికి ఏమీ తెలియలేదు, కంటికే కనపడింది. రాడ్ ఎత్తాను. 12 అంగుళాలు.

అదే సందులో ఇంకో రెండు. పైమెట్టు కుడి సందులో నాలుగు. ఖాళీగా కనిపించే విశాలమైన మడుగులో గంటసేపు కావాలని వేసి చూశాను, ఒక్కటీ లేదు. సాయంత్రం కలుపుకుని మొత్తం 11. పెద్దది పదమూడున్నర. పోగొట్టుకున్న జిగ్‌లు రెండు.

పెట్టెలో నలభై రకాల ఎరలున్నాయి. ఈ రోజు వాడింది ఒకే రకం, ఒకే రంగు.

గురువారం

అమ్మాయి రోజు. లైఫ్ జాకెట్ వేసి, నా ఎడమ చేతి పక్కన, తొడ లోతులో నిలబెట్టాను. పాదం ఎత్తి వేయకుండా ఈడుస్తూ నడవమన్నాను. ఎక్కడ వెయ్యాలో నేను చెప్పలేదు. "బుడగలు ఎటు పోతున్నాయో చూడు" అన్నాను అంతే.

మొదటి ఎనిమిది విసుర్లూ మెట్టు మీదే పడ్డాయి. తొమ్మిదోది సందులో పడింది. లైను ఆగింది. తను నా వైపు చూసింది, అంతలో చేప వదిలేసింది. ఏడుపు మొహం పెట్టింది కానీ ఏడవలేదు. నేనూ ఏమీ అనలేదు. మళ్ళీ అక్కడే వేసింది. ఈసారి లైను మీంచి కళ్ళు తిప్పలేదు.

చేప రెండుసార్లు గాల్లోకి లేచింది. రెండోసారి మాకు ఎంత దగ్గరగా అంటే నీళ్ళు నా కళ్ళద్దాల మీద పడ్డాయి. రీలు బుర్రుమంటూ లైను వదులుతుంటే తను "నాన్నా నాన్నా నాన్నా" తప్ప ఇంకేం అనలేదు. దగ్గరికొచ్చాక నేను పట్టుకోబోతే వద్దంది. కింది పెదవిలో బొటనవేలు పెట్టి, రెండో చెయ్యి పొట్ట కింద ఆనించి, చేపని నీళ్ళలోనే ఉంచి చూసింది.

చెంపల మీద కంటి నుంచి వెనక్కి మూడు ముదురు గీతలు. కన్ను కుంకుమ రంగు. గొంతులో, గాలం పక్కనే, రెండు సన్నటి ఎర్రటి మీసాలు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. అప్పుడే మింగిన క్రేఫిష్‌వి. అది ఇంకా పూర్తిగా గొంతు దిగనే లేదు, దాని మీంచి ఇంకో దానికోసం వచ్చిందన్నమాట. అమ్మాయి ఆ మీసాల్ని వేలితో తాకి, లాగకుండా వదిలేసింది. పన్నెండుం పావు అంగుళాలు. చెయ్యి సడలించగానే చేప వెంటనే పోలేదు. తన మోకాలి నీడలో నాలుగైదు క్షణాలు నిలబడి, మొప్పలు ఆడించి, ఒక్క విదిలింపుతో సందు వైపు పోయింది.

సాయంత్రం మావయ్య గారు ఒక డబ్బా తెచ్చి చూపించారు. తడి ఆకుల కింద నాలుగు నల్లటి పురుగులు, వేలంత పొడుగు, జెర్రిలా కాళ్ళు, ముందు కత్తెర లాంటి కోరలు. హెల్‌గ్రామైట్! డాబ్సన్‌ఫ్లై అనే పెద్ద రెక్కల పురుగుకి పిల్లదశ. స్మాల్‌మౌత్‌కి ఇంతకన్నా మంచి ఎర లేదని ఇక్కడి పాతకాపులు చెబుతారు. ఆయనకి దాని పేరు తెలియదు. "రాళ్ళ కింద ఏం బతుకుతోందో చూస్తే చేప ఏం తింటోందో తెలుస్తుంది కదండీ" అన్నారు. కరవకుండా మెడ వెనక ఎలా పట్టుకోవాలో మాత్రం రెండుసార్లు కరిపించుకుని నేర్చుకున్నారట.

నా రాడ్ ఇవ్వబోయాను. "ఆ చక్రం నాకెందుకు లెండి" అని తన కర్రే తీసుకున్నారు. బెండు తీసేసి, కొంచెం పైన చిన్న సీసం గుండు నొక్కి, మెడ పట్టీ కింద గాలం గుచ్చి, రెండో మెట్టు అంచున నిలబడి సందులోకి జారవిడిచారు. మూడో పురుగుకి కర్ర వంగింది. రీలు లేదు, వదలడానికి లైను లేదు. కర్ర కొనతోనే చేపని అటూ ఇటూ తిప్పుతూ, ఒడ్డు వెంబడి దానితో పాటు దిగువకి నడిచారు. పదిం పావు అంగుళాలు.

"ఫోటో తీశారా? మీ అత్తయ్యకి పంపండి." తీశాను. పంపాను. ఆయన చేపని నీళ్ళలోకి దించి, తల ఎగువకి పెట్టి, అది కదిలేదాకా వంగి నిలబడ్డారు. ఆదివారం అడిగిన ప్రశ్న మళ్ళీ అడగలేదు. నేనూ సమాధానం చెప్పలేదు.

శుక్రవారం

ఐదున్నరకి లేచాను. నది మీద మంచు. అవతలి ఒడ్డు కనపడట్లేదు, మెట్ల మీద నీళ్ళ చప్పుడు మాత్రమే. 73 డిగ్రీలు. పాపర్ కట్టాను. నీటి మీద తేలుతూ, కొంచెం లాగితే గుళుక్కుమనే ఎర.

ఐదో మెట్టుకి నాలుగు రోజులుగా వెళ్ళలేదు, లోతు ఎక్కువని. ఈ రోజు ఒడ్డు నుంచే అందేలా నిలబడ్డాను. మొదటి విసురుకి ఏమీ లేదు. రెండోదానికి పాపర్‌ని రెండుసార్లు గుళుక్కుమనిపించి, అలలు చెదిరేదాకా ఆపాను. ఆపినచోటే నీళ్ళు పగిలాయి.

అది లోతుకి పోయి రాయి కింద దూరడానికి చూసింది. తిప్పాను. పైకొచ్చి పూర్తిగా బయటికి లేచింది. అప్పుడు చూశాను, ఈ వారంలో చూసిన ఏ చేపకన్నా పెద్దది, 14 కాదు, 16 ఉంటుంది. గాల్లోనే తల విదిలించింది. పాపర్ నా వైపు ఎగిరొచ్చి మట్టిలో పడింది. అది లేచినప్పుడు రాడ్ కొన కిందకి దించాల్సింది, నేను పైకే పట్టుకున్నాను. లైను బిగువుగా ఉండి, కొండి లేని గాలం జారింది. కొండి నొక్కేయాలన్నది మా నిర్ణయమే. మళ్ళీ వచ్చినా నొక్కే వేస్తాను.

ఎనిమిదింటికి అందరూ వచ్చారు. చిన్నవి ఇంకో నాలుగు. అమ్మాయి రెండోది పట్టింది, తొమ్మిది అంగుళాలు. బాబుకి తాతయ్య కర్ర మీద రెడ్‌బ్రెస్ట్‌లు పదమూడు. లెక్క వాడే రాయించాడు.

శనివారం, చెక్ అవుట్

పదింటికల్లా ఖాళీ చేయాలి. మొత్తం స్మాల్‌మౌత్ 24. పెద్దది పదమూడున్నర. పోయిన జిగ్‌లు 12, పాపర్లు సున్నా.

తర్వాతిసారికి రాసుకున్నవి: పావు ఔన్సు హెడ్‌లు ఇంట్లో వదిలేయాలి. నెడ్ రిగ్‌కి పదో వంతువే ఇంకో పాతిక కొనాలి. స్వివెల్స్. తాతయ్యకి డబ్బా మూతకి గాలి బెజ్జాలు. ఐదో మెట్టుని సాయంత్రం వేళ కూడా చూడాలి.

కారు సర్దుతుంటే అమ్మాయి నోట్‌బుక్ బయట పడింది. ఆరు మెట్లూ గీసింది, విరుగులతో సహా. బుడగలు పోయే దారి చుక్కలు చుక్కలుగా పెట్టింది. చేప పడ్డచోట చిన్న గుండ్రం. మూడో మెట్టు ఎడమ సందులో ఐదు గుండ్రాలున్నాయి. ఐదో మెట్టు దగ్గర గుండ్రం లేదు, "నాన్నది, 16?" అని ఉంది. మా ఆవిడ ముందు సీట్లో కూర్చుని ఫోన్లో సెప్టెంబరు మొదటి సోమవారం వచ్చే లేబర్ డే సెలవు వారాంతానికి ఇదే క్యాబిన్ ఖాళీ ఉందో లేదో చూస్తోంది. మావయ్య గారి తిరుగు టికెట్ సెప్టెంబరు పదో తారీఖుకి.